నీలిగడ్డం దొర భార్యలు బతికే ఉన్నారు

ఆరుగురు భార్యలను చంపిన వాడి కథతో హాస్య చిత్రం తీయవచ్చా? తీయవచ్చని 1951లో ఫ్రెంచి దర్శకుడు క్రిస్టియన్-జాక్ నిరూపించాడు. సినిమా పేరు 'బార్బ్ బ్లూ', అంటే నీలిగడ్డం. గేవాకలర్‌లో తీసిన రంగుల చిత్రం. కోటలు, గుర్రాలు, విందులు, కళ్ళు చెదిరే దుస్తులు. దొర వేషం పియేర్ బ్రాసర్‌ది. ఏడో భార్య వేషం సెసిల్ ఒబ్రీది. జర్మన్ ప్రేక్షకుల కోసం హాన్స్ ఆల్బర్స్‌ను దొరగా పెట్టి విడిగా మరో చిత్రం కూడా తయారు చేశారు. మరుసటి ఏడాది ఇదే దర్శకుడు 'ఫాన్‌ఫాన్ లా తులీప్' అనే మరో కత్తుల హాస్య చిత్రానికి కాన్ ఉత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి అందుకున్నాడు. పాతకాలపు దుస్తులు తొడిగి జనాన్ని నవ్వించడం ఆయనకు బాగా పట్టుబడిన విద్య అన్నమాట.

సినిమాలోని రహస్యం ఇక్కడే చెప్పేస్తాను. డెబ్బై ఏళ్ళు దాటిన సినిమాకు రహస్యం దాచనక్కరలేదు. దొర ఎవరినీ చంపలేదు. వెళ్ళవద్దని శాసించిన గది తలుపు తీస్తే ఆరుగురు భార్యలూ లోపల నిక్షేపంగా ఉంటారు.

దీని గురించి హేతువాదులు ఎందుకు మాట్లాడుకోవాలి? ఈ చిన్న మార్పులో మనం చేసే పని బలమూ ఉంది, దాని లోపమూ ఉంది. రెండూ చెప్పుకుందాం. ముందు అసలు కథ చూద్దాం.

నీలిగడ్డం కథను అచ్చులో పెట్టినవాడు షార్ల్ పెరో. 1697లో వచ్చిన ఆయన కథల సంపుటిలో సిండ్రెల్లా, ఎర్రటోపీ పిల్ల కథల పక్కనే ఇదీ ఉంది. ఒక ధనవంతుడికి గడ్డం నీలంగా ఉంటుంది. ఆడవాళ్ళు అతన్ని చూస్తేనే పారిపోతారు. పైగా ఇంతకుముందు చేసుకున్న భార్యలు ఏమయ్యారో ఎవరికీ తెలియదు. అతను పొరుగింటావిడనూ, ఆమె కూతుళ్ళనూ తన పల్లెటూరి భవనానికి పిలిచి, ఎనిమిది రోజులు విందులతో, వేటలతో, నాట్యాలతో ముంచెత్తుతాడు. ఆ ఎనిమిది రోజులూ గడిచేసరికి చిన్న కూతురికి ఆ గడ్డం మరీ అంత నీలంగా ఏమీ లేదనిపిస్తుంది. డబ్బు చూపును ఎలా మారుస్తుందో ఇంత క్లుప్తంగా చెప్పిన వాక్యం నేను తక్కువగా చూశాను.

పెళ్ళయిన నెలకు దొర ఊరికి బయలుదేరుతూ తాళం చెవులన్నీ ఆమె చేతికిస్తాడు. అన్ని గదులూ తెరువు, ఆ చివరి చిన్న గది మాత్రం తెరవకు, తెరిచావో నా కోపానికి అంతుండదు అంటాడు. ఆమె తెరుస్తుంది. నేలంతా రక్తం, గోడకు కట్టిన శవాలు. భయంతో తాళం చెవి జారి కింద పడుతుంది. దానికంటిన రక్తపు మరక ఎంత తోమినా పోదు. ఆ చెవి మంత్రించినది. దొర ఆ సాయంత్రమే తిరిగి వచ్చి, మరక చూసి, నువ్వూ అక్కడికే పోతావు అంటాడు. చివరికి ఆమె అన్నదమ్ములిద్దరు గుర్రాల మీద వచ్చి దొరను చంపుతారు. ఆస్తి ఆమెకు దక్కుతుంది.

ఇంతటి కథ చెప్పి, కింద పెరో రాసిన నీతి ఏమిటో తెలుసా? కుతూహలం చెడ్డది, క్షణకాలపు సరదా కోసం పెద్ద మూల్యం చెల్లించుకోవాలి అని! హంతకుడి గురించి ఒక్క ముక్క లేదు. వరసగా భార్యలను చంపి గోడకు వేలాడదీసిన వాడిని వదిలేసి, తలుపు తీసిన పిల్లకు హితవు చెప్పాడు. ఆ కింద మరో నీతి కూడా జోడించాడు: ఇది ఎప్పటిదో పాత కథ, ఈ రోజుల్లో అలాంటి భయంకరమైన మొగుళ్ళు లేరు, ఇప్పుడు ఇంట్లో ఎవరు యజమానో చెప్పడమే కష్టం అని. ఈ రెండో నీతి మనకు పరిచయమైనదే. పాత దురాచారం ఏది ప్రస్తావించినా "అదంతా ఒకప్పుడండీ" అనే పెద్దమనుషులు మన సభల్లోనూ తగులుతారు.

తలుపు తీయకుండా ఉంటే ఆమె బతికేదా? ఒక్కసారి ఆలోచించండి. కథలో ఆ హామీ ఎక్కడా లేదు. ముందటి భార్యల గతి ఆమెకు తెలియనంత మాత్రాన ప్రమాదం లేకుండా పోదు. తెలుసుకోవడం వల్లనే ఆమె తప్పించుకునే ప్రయత్నం చేయగలిగింది. అసలు ఆ తాళం చెవి చేతికిచ్చినవాడు ఎవరు? తోట మధ్యలో చెట్టు నాటి పండు తినవద్దన్న దేవుడి కథకూ దీనికీ పోలిక చెప్పడానికి పెద్ద పాండిత్యం అక్కరలేదు.

మన జానపద కథల్లోనూ ఇలాంటి నిషేధం ఉంది. మూడు దిక్కులకు వేటకు వెళ్ళు, ఉత్తర దిక్కుకు మాత్రం వెళ్ళకు అని రాజకుమారుడికి చెబుతారు. అతను ఉత్తరానికే వెళతాడు, రాక్షసుణ్ణి చంపుతాడు, రాజకుమార్తెను తెచ్చుకుంటాడు. మాట వినని మగవాడికి రాజ్యం దొరికింది. మాట వినని ఆడదానికి గోడకు మేకు దొరికింది. సీత గీత దాటిందన్న లక్ష్మణరేఖ కథ వాల్మీకి రామాయణంలో లేదు. తరువాతి వాళ్ళు చేర్చారు. చేర్చాలని ఎందుకనిపించిందో ఊహించుకోవచ్చు.

పెరో కథలో ఇంకో సంగతి మన పాఠకులకు బాగా నచ్చుతుంది. కత్తి ఎత్తిన దొరను ఆమె ప్రార్థన చేసుకోవడానికి కొంచెం సమయం అడుగుతుంది. అతను ఏడెనిమిది నిమిషాలిస్తాడు. ఆమె ఆ సమయంలో ఏం చేసింది? అక్క ఆన్‌ను గోపురం ఎక్కించి, అన్నదమ్ములు వస్తున్నారేమో చూడమని మళ్ళీ మళ్ళీ అడిగింది. ప్రార్థన అన్నది సమయం సంపాదించడానికి వేసిన ఎత్తు. ఆమెను కాపాడినవి గుర్రాలు, కత్తులు, గోపురం మీద నిలబడి చూసిన ఒక మనిషి. పెరో ఈ ఉద్దేశంతో రాసి ఉండడు. అయినా కథలో ఉన్నది ఇదే.

ఇప్పుడు సినిమాకు వద్దాం. క్రిస్టియన్-జాక్ చిత్రంలో ఏడో భార్య ఒక సత్రం నడిపేవాడి కూతురు. చలాకీ పిల్ల. తలుపు తీసినప్పుడు ఆమెకు శవాలు కనిపించవు, మనుషులు కనిపిస్తారు. ఊరంతా ఇన్నాళ్ళుగా వణికింది ఎందుకోసం? జరగని హత్యల కోసం. దొర నిజంగా ఆరుగురిని చంపి ఉంటే అతనికి వచ్చే లాభం ఏదో, చంపాడని జనం నమ్మినందుకూ అదే లాభం వచ్చింది. భయం ఉన్నంతకాలం కత్తి ఒరలోనే ఉండవచ్చు. గడీ ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతబట్టుకు నడిచిన తెలంగాణ పల్లెలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. దొర ప్రతిరోజూ కొట్టనక్కరలేదు. కొడతాడన్న మాట ఊళ్ళో తిరుగుతూ ఉంటే చాలు.

ఈ మలుపు క్రిస్టియన్-జాక్‌తో మొదలైంది కాదు. 1866లో పారిస్‌లో ఆఫెన్‌బాక్ ఇదే కథను హాస్య సంగీత నాటకంగా ఆడించాడు. అందులో దొర తన భార్యలకు విషం ఇమ్మని పోపోలానీ అనే రసవాదికి పురమాయిస్తాడు. పోపోలానీ విషానికి బదులు మత్తుమందు ఇచ్చి, వాళ్ళను నేలమాళిగలో దాచి హాయిగా పోషిస్తుంటాడు. అక్కడా ఆట కట్టించేది బులోత్ అనే పల్లెటూరి మొరటు పిల్లే. రాజులనూ, దొరలనూ బఫూన్లుగా చూపి చక్రవర్తి మూడో నెపోలియన్ కాలంలో పారిస్ జనాన్ని నవ్వించిన నాటకం అది.

ఇలా నవ్వించడం నాకు నచ్చుతుంది. నవ్వే చోట భయం ఎక్కువసేపు నిలవదు. అబ్రహాం కోవూర్ 1963లో లక్ష రూపాయల పందెం కాసి, మహిమలు చూపండి అని బాబాలను సవాలు చేసినప్పుడు దానికి అంత పేరు రావడానికి కారణం ఒక్క తర్కమే కాదు. ఆ సవాలులోనే ఒక కొంటెతనం ఉంది. ఆయన తరువాత ప్రేమానంద్ ఊరూరా తిరిగి, గాలిలోంచి విభూతి తీసి, నిప్పు మింగి, ఆ వెంటనే అదెలా చేశాడో చెప్పేవాడు. జనం ముందు నోరు తెరిచేవారు, తరువాత నవ్వేవారు. ఆ నవ్వే తలుపు తెరుచుకున్న చప్పుడు. గదిలో దయ్యం లేదు, పిండి ఉండ ఉంది అంతే. ఆ లెక్కన 'బార్బ్ బ్లూ' మన సినిమాయే. భయపడవద్దు, వెళ్ళి చూడు అంటుంది. పెరో చెప్పిన నీతికి సరిగ్గా ఎదురు.

అయితే నా మెచ్చుకోలు ఇక్కడితో ఆగిపోతుంది. ఆగిపోవడానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది, నీలిగడ్డాలు కథల్లోనే ఉండరు. 1915 నుంచి 1919 వరకు, మొదటి ప్రపంచ యుద్ధంతో ఫ్రాన్సులో ఇంటింటా ఎవరో ఒకరు పోయిన రోజుల్లో, ఆన్రి లాండ్రూ అనేవాడు పెళ్ళి సంబంధం కావాలని పేపర్లలో ప్రకటనలు వేశాడు. కాస్తో కూస్తో డబ్బున్న ఒంటరి ఆడవాళ్ళు జవాబిచ్చారు. పదిమంది స్త్రీలు, వాళ్ళలో ఒకామె కొడుకు మాయమయ్యారు. శవాలు దొరకలేదు. శవాలే లేనప్పుడు వాళ్ళు చనిపోయారని ఎలా అంటారని అతని వకీలు కోర్టులో వాదించాడు. అంటే 'భార్యలు బతికే ఉన్నారు' అన్న మాట ఒక నిజమైన కోర్టులో నిజమైన డిఫెన్సు. సినిమాకు ముప్పై ఏళ్ళ ముందే!

లాండ్రూను పట్టిచ్చిన సాక్ష్యాల్లో ఒకటి అతను స్వహస్తాలతో రాసుకున్న చిన్న లెక్కల పుస్తకం. గాంబే అనే పల్లెలోని తన ఇంటికి వెళ్ళేటప్పుడు కొన్న రైలు టిక్కెట్ల ఖర్చు అందులో ఉంది. తనకు రానూపోనూ టిక్కెట్టు. వెంట వచ్చిన ఆవిడకు పోవడానికి మాత్రమే. పైసల దగ్గర కక్కుర్తిపడి రాసుకున్న పద్దు మెడకు చుట్టుకుంది. 1922 ఫిబ్రవరిలో వెర్సాయిలో గిలెటిన్ ఎక్కించారు. జనం అతనికి పెట్టిన పేరు 'గాంబే నీలిగడ్డం'.

గమనించండి. ఇక్కడ సందేహవాదం రెండు వైపులా పనిచేయాలి. పుకారు విని వణకడం ఎంత తప్పో, పుకారు కదా అని కొట్టిపారేయడమూ అంతే తప్పు. పదిహేనో శతాబ్దపు జిల్ ద రే అనే ప్రభువే అసలు నీలిగడ్డం అని పశ్చిమ ఫ్రాన్సులో చెప్పుకుంటారు. అతన్ని 1440లో నాంత్‌లో ఉరి తీశారు. కానీ అతని మీద మోపిన నేరం పిల్లలను చంపాడని. అతని భార్య అతని తరువాత కూడా బతికి ఉంది, మళ్ళీ పెళ్ళి చేసుకుంది కూడా. ఇద్దరికీ అంటించిన పేరు ఒకటే. ఒకడికి అది అతకదు. ఇంకొకడికి టిక్కెట్ల లెక్కతో సహా అతుకుతుంది. తేడా తెలియాలంటే పేరును కాదు, పద్దును చూడాలి.

రెండో కారణం నాకు మరీ ముఖ్యమైనది. సినిమాలో ఆ ఆరుగురూ బతికి ఉన్నారని తెలియగానే ప్రేక్షకుడు హమ్మయ్య అనుకుంటాడు. దొర మీద జాలి కూడా పుడుతుంది. పాపం, గడ్డమే నీలం, మనసు మంచిదే! కానీ ఆరుగురు ఆడవాళ్ళు ఒక గదిలో బందీలుగా ఉన్నారు. బయట లోకానికి వాళ్ళు చచ్చిపోయారు. వాళ్ళ తల్లిదండ్రులు ఏడ్చి ఊరుకున్నారు. శవం లేకపోతే నేరం లేనట్టేనా?

"చంపలేదు కదా" అన్న మాట నేను సినిమాలో కన్నా బయటే ఎక్కువ విన్నాను. పంచాయితీల్లో విన్నాను. చదువుకున్నవాళ్ళ నోట విన్నాను. కొట్టాడు, అయితే చంపలేదు కదా. ఉద్యోగం మాన్పించాడు, అన్నం పెడుతున్నాడు కదా. ఫోను లాక్కున్నాడు, ప్రేమ ఎక్కువై ఉంటుంది. హత్యతో పోల్చి చూపితే ప్రతి జులుమూ చిన్నగానే కనబడుతుంది. పెరో కథలో భీభత్సం ఎక్కువ. కానీ నేరం నేరంలాగే కనబడుతుంది. సినిమాలో భీభత్సం పోయింది. దాంతోపాటు నేరం కూడా తెర మీద నుంచి జారిపోయింది.

ఈ లోపాన్ని పట్టుకున్న రచన సినిమాకు ఎంతో ముందే వచ్చింది. మేటర్‌లింక్ రాసిన నాటకానికి పోల్ ద్యుకా సంగీతం కట్టగా 1907లో పారిస్‌లో ప్రదర్శించిన ఆపెరా 'అరియాన్, నీలిగడ్డం'. అందులోనూ పాత భార్యలు బతికే ఉంటారు. ఐదుగురు. కొత్త భార్య అరియాన్ చీకటి నేలమాళిగలోకి దిగి వాళ్ళను చూస్తుంది. చేత్తో తడుముతూ పోయి, గోడలో ఉన్న అద్దాన్ని రాయితో పగలగొడుతుంది. వెలుగు లోపలికి వస్తుంది. అంతకాలం ఆ ఐదుగురూ ఆ ప్రయత్నమే చేయలేదు. తరువాత రైతులు తిరగబడి దొరను కట్టేసి తెస్తారు. ఇక స్వేచ్ఛే. అరియాన్ ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచి, నాతో వస్తారా అని అడుగుతుంది. ఒక్కరూ రారు. గాయపడిన దొర చుట్టూ చేరి కట్లు కడతారు. అరియాన్ ఒంటరిగా వెళ్ళిపోతుంది. మేటర్‌లింక్ దానికి పెట్టిన ఉపశీర్షిక: పనికిరాని విడుదల.

ఆడవాళ్ళ మనస్తత్వమే అంత, బానిసత్వం వాళ్ళకిష్టం అని దీనికి అర్థం చెప్పేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. కొన్నేళ్ళ క్రితం ఒక ఊళ్ళో మా సంఘం మిత్రులు మహిమల గుట్టు విప్పే ప్రదర్శన ఇచ్చారు. అయిపోయాక ఒక పెద్దావిడ నా దగ్గరకు వచ్చి అన్న మాటలు గుర్తున్నాయి. "అది గారడీయేనని నాకు ముందే తెలుసు బాబూ. రేపు నేను ఆ స్వామి దగ్గరకు పోవడం మానేస్తే, ఇంట్లో మనవడికి జ్వరం వచ్చిందనుకో, నీవల్లనే అని కోడలూ కొడుకూ నన్నే అంటారు. అప్పుడు నువ్వొస్తావా?" అని అడిగింది. ఆవిడకు అజ్ఞానం లేదు. తలుపు తెరిచే ఉంది, గదిలో ఏముందో తెలుసు. బయటికి వస్తే నిలబడడానికి చోటు లేదు. అరియాన్ వెనక రాని ఆ ఐదుగురి సంగతీ ఇదే అని నా అభిప్రాయం. వాళ్ళు ఎక్కడికి వెళ్ళాలి? ఎవరింటికి? దేనితో బతకాలి? అరియాన్ వెలుగు తెచ్చింది. అది గొప్ప పనే. కానీ తిండీ, గుడ్డా, కప్పూ వెలుగులోంచి పుట్టవు.

పెరో ఈ విషయంలో మేటర్‌లింక్ కన్నా లౌక్యం తెలిసినవాడు. అతని కథ చివర ఆ అమ్మాయి దొర ఆస్తిని ఏం చేసిందో లెక్కగా చెప్పాడు. కొంత పెట్టి అక్కకు పెళ్ళి చేసింది. కొంత పెట్టి అన్నదమ్ములకు కాప్టెన్ పదవులు కొన్నది. మిగిలినదానితో తానొక మంచివాణ్ణి పెళ్ళి చేసుకుంది. నీతి పద్యంలో ఎంత పిచ్చిగా రాసినా, కథలో మాత్రం స్వేచ్ఛకు డబ్బు కావాలని ఆ ముసలాయన మరచిపోలేదు.

కాబట్టి ఈ సినిమా మీద నా తీర్పు ఇది. దొరకితే తప్పక చూడండి. పిల్లలకూ చూపించండి. వెళ్ళవద్దన్న గదిలోకి వెళ్ళి చూడడం తప్పు కాదని, అరిచేవాళ్ళంతా కరవరని పిల్లలు నవ్వుతూ నేర్చుకుంటారు. సినిమా అయిపోయాక మాత్రం వాళ్ళను ఒక్క ప్రశ్న అడగండి: ఆ ఆరుగురినీ గదిలో పెట్టి తాళం వేసింది ఎవరు, అందుకు అతనికి ఏ శిక్ష పడాలి? పిల్లలు దీనికి చటుక్కున జవాబు చెబుతారు. పెద్దవాళ్ళే నసుగుతారు.

ఇక మన సంగతి. దొంగ బాబాల గుట్టు విప్పడం, బాణామతి లేదని చెప్పడం, మంత్రించిన చెవి మీది మరక నిమ్మకాయ రసం గారడీ అని చూపడం మానకూడదు. అదే మన పని. ఆ పని నవ్విస్తూ చేస్తే ఇంకా మంచిది. కానీ ప్రదర్శన ముగిసి చప్పట్లు కొట్టిన వెంటనే పెట్టె సర్దుకుని బస్సెక్కేస్తే, మనం మిగిల్చేది మేటర్‌లింక్ చెప్పిన విడుదలే. రేపు జ్వరం వచ్చినప్పుడు ఆ పెద్దావిడ పక్షాన మాట్లాడే మనిషి ఆ ఊళ్ళో ఒక్కరైనా ఉన్నారా, ఆమెకు ఆసుపత్రి అందుబాటులో ఉందా, ఆమె చేతిలో నాలుగు రూకలున్నాయా అని కనుక్కున్న తరువాతే మన లెక్క పూర్తవుతుంది. భార్యలు బతికే ఉన్నారన్నది మంచి కబురే. వాళ్ళలో ఎంతమంది బయటికి వచ్చారో కూడా లెక్కపెట్టండి.